మరలో మిగిలిన పిడికెడు

చిట్టా 1

దశల ఆఫీసు వాళ్ళు ఈ నోటుబుక్కు చేతికిచ్చి, రెండు మూడు రోజులకోసారైనా మనసులో ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. మొదటి పేజీలో సూచన అచ్చేసి ఉంది: "చిట్టా మొత్తం ఒకే మనిషి వ్రాసినట్లు ఉండవలెను." అది చదివి పడీ పడీ నవ్వాను. ఈ ఒక్క షరతుతో నా కొంప ముంచుతున్నారని పాపం వాళ్ళకేం తెలుసు!

నా పేరు పెంచలమ్మ. నలభై ఒక్కేళ్ళు. చంద్రుడి మీద చవిటిపాళెంలో, గుణాల మర దగ్గర కడుగు మనిషిని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఇప్పుడీ పుస్తకం ఎందుకంటే, నేను పెళ్ళి చేసుకోవాలి. ఎవర్నంటే చెంచురామయ్యని. హమ్మయ్య, రాసేశాను.

చెంచురామయ్య ఊరి మీది గుమ్మటానికి లోపలివైపు కుంకుడు రసం పూసుకుంటూ తిరిగే మనిషి. నురుగులో బుడగ లేస్తే అక్కడ కంత ఉన్నట్టు, గాలి బయటికి పోతున్నట్టు. పూర్వం సైకిలు ట్యూబుని నీళ్ళలో ముంచి చూసేవాళ్ళట, అదే విద్య. పోయిన నెల మా మర గది గోడ చూడ్డానికి వచ్చి మూడు గంటలున్నాడు. అంత గోడ లేదు మాకు. చివరికి నావైపు తిరిగి, "పెంచలమ్మా, నువ్వు నవ్వితే నా బుడగలు వణకతుండాయి. కంత యాడుండాదో తెలవటం లేదు. ఇట్టాగైతే కష్టం. మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు. అనేసి, కంగారులో చేతిలో బ్రష్షు వదిలేశాడు. ఇక్కడ ఏ వస్తువైనా తీరిగ్గా కదా పడేది, అది నేల తాకేలోపు నేను సరేనన్నాను.

ఇక మిగిలింది మెట్లు. మనిషి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఎనిమిది మెట్లని మా చట్టం. ఐదో మెట్టు "నేనెవరు". ఆరో మెట్టు "నీకెవరు", అంటే పెళ్ళి. ఐదు ఎక్కనిదే ఆరు ఎక్కనివ్వరు. అందరూ పద్దెనిమిదో ఏట ఐదో మెట్టు పత్రం తెచ్చుకుంటారు. నా పద్దెనిమిదో ఏట ఈ ఊళ్ళో ఆఫీసే లేదు, ఆ తర్వాత నన్నడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు అడిగారు. ఇంత వయసొచ్చాక నేనెవరో తేల్చుకోవాలి. తేలకపోతే పెళ్ళి లేదు.

చిట్టా 3

ఈరోజు నన్నెవరూ పలకరించొద్దు. ఇది వెధవ పెన్ను. ఇది వెధవ కాగితం. మంచి కాగితం వేయించలేని ఆఫీసు జనం జాతకాలు రాయడానికి బయల్దేరిందా!

ఇది నేను కాదు. తాయారమ్మ. ఇంట్లో అందరూ తనని లోకువ చేస్తున్నారని, మెత్తదనం తగ్గించుకోవడానికి పొద్దున్నే మరలో కూర్చుంది. ఆవిడ లేచాక నేను కూర్చున్నాను. అంతే.

మర సంగతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా, మళ్ళీ అడగొద్దు. మరకి ఐదు తొట్లు: కుతూహలం, కుదురు, హుషారు, మెత్తదనం, కంగారు. ఏడాదికోసారి జనం వచ్చి తమ పాళ్ళు సరిచేయించుకుంటారు. మస్తానయ్య మర తిప్పుతాడు. ఎవరు కూర్చుని లేచినా వాళ్ళ గుణం పిడికెడు మరలో అంటుకుని మిగిలిపోతుంది. మిరపకాయలు ఆడించిన మరలో వెంటనే బియ్యం పోస్తే పిండి ఏమవుతుందో మా అమ్మమ్మల నాటి నుంచీ తెలిసిన సంగతే. అందుకే మధ్యలో పిడికెడు నూకలు పోసి కడుగుతారు. ఆ నూకలు నేను. ఇద్దరి మధ్యా నేను కూర్చుంటాను, మర సున్నా మీద తిరుగుతుంది, మిగిలింది నాకు అంటుకుంటుంది, తర్వాతి మనిషికి మర శుభ్రం.

మామూలుగా ఒకరి తర్వాత ఒకరు కూర్చునే ఏ కుర్చీనైనా మా ఊళ్ళో జనం తుడుచుకుని కూర్చుంటారు, భోజనశాలలో బెంచీ అయినా సరే. మర దెబ్బకి పట్టుకున్న అలవాటది. నా తర్వాత మాత్రం ఎవరూ తుడవరు. నూకలకేం రుచి! ఉద్యోగంలో పెట్టుకున్నప్పుడే అప్పటి పెద్దలు, "ఈ పిల్లకి సొంతంగా ఏ గుణమూ లేదు, దివ్యంగా పనికొస్తుంది" అన్నారు. నాకూ నిజమేననిపించింది. ఆరోజు కూడా నవ్వే వచ్చింది.

తాయారమ్మ ఇంకా దిగలేదు. ఇప్పుడే పెన్ను విసిరికొట్టాను. అది ఈ గోడకీ ఆ గోడకీ తగిలి, తీరిగ్గా వచ్చి నా ఒళ్ళోనే కూర్చుంది. చంద్రుడి మీద కోపానికి బొత్తిగా మర్యాద లేదు. నవ్వొచ్చేసి తాయారమ్మ సగం దిగిపోయింది.

చిట్టా 7

కొత్తరేవు నుంచి దశాధికారిణి హైమవతి గారు వచ్చి నాలుగు రోజులైంది. చీర మడత చెదరదు, జుట్టు చెదరదు. ఇక్కడ అందరం గెంతుకుంటూ తిరుగుతామా, ఆవిడ మాత్రం చెప్పుల కింద ఇనుప పలకలు వేయించుకుని టక్ టక్‌మని నడుస్తారు. ఆవిడ నవ్వగా కన్నవాళ్ళు కూడా చూసి ఉండరని మస్తానయ్య పందెం.

మూడు రోజులు వరసగా నన్ను కొలిచారు. మొదటిరోజు కంగారు ఎనభై ఒకటి వచ్చింది. అంతకు ముందే రేపు పాటల పోటీ అని వణికిపోతున్న పిల్ల తర్వాత కూర్చున్నాను. రెండోరోజు కంగారు ఇరవైకి పడిపోయి కుతూహలం తొంభైకి లేచింది. మూడోరోజు కుదురు డెబ్బై ఏడు, అది మా వంటశాల లెక్కలు చూసే మనిషిది. ఆరోజు కొలత అయ్యాక హైమవతి గారి బల్ల కూడా సర్ది పెట్టి వచ్చాను.

హైమవతి గారు మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఐదింటిలో ఒక్కటి చాలమ్మా. మూడుసార్లూ ఒకే అంకె రావాలి. అది యాభై కాకూడదు. యాభై అంటే లోకంలో అందరికీ ఉండేదే, దాన్నిబట్టి ఒక మనిషిని గుర్తుపట్టలేం."

"హుషారు ప్రతిసారీ బాగానే ఉన్నట్టుందండీ."

"మీ ఊరి హుషారు లెక్కలోకి రాదు. ఇక్కడ ఎవర్ని కొలిచినా పన్నెండు ఎక్కువ చూపిస్తుంది. ఏళ్ళ తరబడి ఇంతే. మీ కొలబద్దలో దోషం. అందుకే ఎవరి అంకె వచ్చినా పన్నెండు తీసేసి రాసుకుంటాం."

"మా నీళ్ళలో ఏమన్నా ఉందేమో మేడం."

"నీళ్ళు చూశాం. గాలి చూశాం. మీ ఆవకాయ కూడా చూశాం."

ఆవకాయని అద్దాల గొట్టంలో పెట్టి చూస్తున్న ఆఫీసు కళ్ళముందు కనిపించి కిసుక్కున నవ్వాను. ఆవిడ తలెత్తి, "నవ్వు నాలుగు విధాల చేటు" అన్నారు. తర్వాత తీర్పు చెప్పారు. "మీ మీద ఊరంతా అంటుకుని ఉంది. పదిహేను రోజులు మర ముట్టుకోకండి, అదంతా దిగిపోతుంది. అప్పుడు మళ్ళీ కొలుస్తాను. అప్పటికీ మీరెవరో తేలకపోతే కొత్తరేవు పసిబడికి రావాలి. రెండేళ్ళు. మొదటి మెట్టు నుంచి మొదలుపెడదాం."

మూడేళ్ళ పిల్లల మధ్య మెడకి రుమాలు కట్టుకుని అప్పచ్చి కోసం చెయ్యి చాపుతున్నట్టు ఊహించుకుని దారంతా నవ్వుకున్నాను. ఇంటికొచ్చాక రెండేళ్ళన్న మాట గుర్తొచ్చింది. చెంచురామయ్య గోడ వదిలి ఎక్కడికీ రాకూడదు. నా నవ్వు ఆగిపోయింది.

చిట్టా 10

నేను లేక మర దగ్గర భాగోతం మొదలైంది. బళ్ళు తెరిచే రోజులు, గిరాకీ ఎక్కువ. "ఒక్క పూటకేమవుద్దిలే" అని మస్తానయ్య కడుగు లేకుండానే మనుషుల్ని ఎక్కించాడు. సంతలో కూరలమ్మే జాలమ్మ బేరాల్లో పట్టు పెంచుకుని లేచింది. ఆమె వెనకే, పిల్లలతో వేగలేకపోతున్నాను, కాస్త కుదురు పెట్టమని రాఘవులు పంతులు కూర్చున్నాడు. కూర్చుని, నేరుగా రెండో తరగతికి వెళ్ళి ఎక్కాలు అప్పగించమన్నాడు.

"ఏడెనిమిదులు యాభై ఆరు" అన్నదట ఒక పాప.

"యాభై ఆరా? మరీ అంత చెప్తే ఎట్టా! నలభైకి ఖాయం చెయ్."

పాప బెదరలేదట. "యాభై నాలుగు కంటే తగ్గేది లేదు సార్" అన్నదట. చివరికి నలభై ఎనిమిదికి కుదిరింది. ఇప్పుడు తరగతిలో ముప్పైమందికీ ఏడెనిమిదులు నలభై ఎనిమిది.

మస్తానయ్య నెత్తి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "నూకల విలువ ఇప్పుడు తెలిసొచ్చింది పెంచలా. ఇంక లాభం లేదు. ఒక్కో మనిషికీ మధ్య ఖాళీ మర పదిసార్లు తిప్పతుండా. రెండు గంటలు పడతుండాది. వరస వీధి చివరిదాకా పోయింది. ఆ మేడంకి చెప్పి గమ్మున వచ్చెయ్యరాదా?"

"నాకు పెళ్ళన్నా, పెళ్ళి!"

"అదీ నిజమేలే. తిప్పుకుంటా, ఏం చేస్తాం" అని గెంతుకుంటూ వెళ్ళిపోయాడు.

చిట్టా 14

ఈ పేజీ ఎవరికీ చూపించకూడదనిపిస్తోంది. కానీ ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు.

నిన్న అన్నం తింటుంటే ఒక సంగతి గుర్తొచ్చి ముద్ద కంచంలోనే వదిలేశాను. చెంచురామయ్య పెళ్ళి మాట అడిగిన రోజు, పొద్దున్న నా ముందు మరలో కూర్చున్నదెవరు? నిశ్చితార్థమై వారం తిరగని సరోజిని! మొగుడు కాబోయేవాడి పేరు తలుచుకుని గోడకి కూడా సిగ్గుపడుతున్న సరోజిని! ఆమె తర్వాతే నేను కూర్చున్నాను. అంటే సరేనన్నది నేనా, సరోజినా?

అంటుకున్నదంతా దిగిపోయాక ఆ ఇష్టం కూడా దిగిపోతే? ఏ మొహం పెట్టుకుని అతనికి చెప్పను, "అయ్యా, క్షమించు, అది పక్కింటివాళ్ళది" అని? ఆ మాట పైకే అనేసి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నాలో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం తెలుస్తూనే ఉంది. తాయారమ్మ పోయింది, పాటల పిల్ల పోయింది. ఇల్లు ఖాళీ అవుతున్నప్పుడు సామాను ఎవరిదో, గోడ ఎవరిదో చివర్లో కదా తెలిసేది. నాకు భయంగా ఉంది.

చిట్టా 17

మర ముట్టి పది రోజులైంది. దిగాల్సినవాళ్ళంతా దిగిపోయి ఉంటారు. పొద్దున్నే తల దువ్వుకుని, చెంచురామయ్య ఎక్కడున్నాడో కనుక్కుని, తూర్పు గోడ దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చేసుకోవడానికే. వేరే పనేం లేదు.

నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు. కుంకుడు నురుగు మోచేతుల దాకా కారుతోంది. నన్ను చూసి, "వచ్చినావా, ఆ చెంబు అందుకో" అన్నాడు. అంతే. అంత మాటే.

ఉంది! అచ్చంగా ఉంది! సరోజిని లేదు, ఎవ్వరూ లేరు, ఇష్టం మాత్రం ఉన్నచోటే ఉంది! ఆనందం పట్టలేక గెంతాను. గెంతడంలో అంచనా తప్పి నిచ్చెన దాటి పైకి పోయాను. అతను ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో నా పాదం పట్టుకుని, గాలిపటాన్ని దింపినట్టు కిందికి దింపాడు.

"ఏమైందే నీకు?"

"ఏం కాలా. నువ్వు పని చూసుకో."

అతను నవ్వలేదు. ఎప్పుడూ నవ్వడు, చూస్తాడంతే. గోడని చూసినంత శ్రద్ధగా చూస్తాడు. ఆ చూపు చాలు నాకు. పసిబడి లేదు గిసిబడి లేదు, నేను గెలుస్తాను.

చిట్టా 19

మధ్యాహ్నం గాలి గంట మోగింది. ఎక్కడో కంత పడిందన్నమాట. గంట మోగితే అందరూ ముసుగులు తగిలించుకోవాలి. మా ఊళ్ళో గంట మోగిందంటే నవ్వులే నవ్వులు. ఒకరి ముసుగు ఒకరు లాక్కోవడం, తిరగేసి పెట్టుకోవడం, ముసలాళ్ళు కూడా పిల్లల్ని తరుముతూ గెంతడం. పైఊరి వాళ్ళు చూస్తే వీళ్ళకి పిచ్చి అనుకుంటారు. కానీ ఇన్నేళ్ళలో తొక్కిసలాట అన్నది జరగలేదు. నవ్వుతూనే అందరికీ ముసుగులు అందుతాయి.

ఈరోజు సగం వీధి నవ్వలేదు. ఈ పన్నెండు రోజుల్లో మర ఎక్కినవాళ్ళు నలభై మందిదాకా ఉంటారు, వాళ్ళంతా మొహాలు తెల్లబోయి, ఒకరినొకరు తోసుకుంటూ ముసుగుల గది మీద పడ్డారు. ఇద్దరికి మోచేతులు దోక్కుపోయాయి. రాఘవులు పంతులు మూలన కూర్చుని వణికిపోతున్నాడు. పాపం, అతని దగ్గరికెళ్ళి, "సార్, ముసుగు ఎంతకిస్తారు?" అన్నాను. అతను నవ్వాల్సిన మాట అది. నవ్వలేదు. నేనే నోరు మూసుకున్నాను.

చెంచురామయ్య రొట్టెల బట్టీ వెనక కంత పట్టి మూసేశాడు. ఆ తర్వాత వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఊరు బెదిరిపోతుండాది పెంచలమ్మా. ఎప్పుడూ ఇట్టా లేదు. ఎందుకంటావ్?" అన్నాడు. నాకు తెలియదన్నాను.

చిట్టా 22

మూడు కొలతలు అయిపోయాయి. నిన్న ఒకటి, ఇవాళ రెండు.

కుతూహలం యాభై. కుదురు యాభై. మెత్తదనం యాభై. కంగారు యాభై. హుషారు అరవై రెండు. మూడుసార్లూ అదే, ఒక్క అంకె కదల్లేదు. కదల్లేదు కదా అని కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. హైమవతి గారు ఎర్ర పెన్ను తీసి, అరవై రెండులోంచి పన్నెండు కొట్టేసి, యాభై అని రాశారు.

"ఐదూ యాభయ్యే. నేను చాలామందిని కొలిచాను, ఇలా ఎక్కడా చూడలేదు. ఇక్కడ మనిషి లేరమ్మా" అన్నారు. గొంతులో కఠినం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. "రేపటి బండికి మీకు కూడా సీటు చెప్పాను."

నలభై ఒక్కేళ్ళు బతికి, ఒక్క కాగితం మీద లేకుండా పోయాను. ఇన్నాళ్ళూ నూకలన్న మాటకి నవ్వాను, ఇవాళ నవ్వు రాలేదు. వచ్చి చెంచురామయ్యకి చెప్పాను. "మనిషి లేకపోతే మొన్న నేను పట్టుకున్న పాదం ఎవురిది?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

చిట్టా 23

ఇది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు!

పొద్దున్నే హైమవతి గారు ఊరివాళ్ళ వార్షిక కొలతలు పట్టుకుని మర గదికి పరుగున వచ్చారు, టక్ టక్ టక్‌మంటూ. "మస్తానయ్యా, ఊళ్ళో ఏదో జబ్బు పాకింది. ఈ మధ్య మర ఎక్కిన ప్రతివాళ్ళకీ హుషారు ముప్పై ఎనిమిది వస్తోంది. మిగతా ఊరికి మామూలుగానే ఉంది" అన్నారు. నేను అక్కడే ఉన్నాను, మస్తానయ్యకి వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చి. చెంచురామయ్య నా మూట పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

మస్తానయ్య మర మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. "పన్నెండు తీసేసినాకా ముప్పై ఎనిమిది, మేడం?"

"అవును."

"తీసెయ్యకుంటే యాభై. అంటే వీళ్ళలో ఆ పన్నెండు లేదు." కుర్చీ వైపు చూశాడు. నావైపు చూశాడు. "మేడం, ఒక మాట చెప్తా, తప్పైతే తిట్టండి. మరలో ముందు కూచున్నోళ్ళది తర్వాతోళ్ళకి పిడికెడు పోద్ది. ఇది చిన్నపిల్లకాయలకి కూడా తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవురు కూచున్నా, వాళ్ళకి ముందు కూచున్నదెవురు?"

హైమవతి గారు కుర్చీ వైపు, తర్వాత నావైపు చూశారు.

"నూకలకి రుచి లేదనుకున్నాం. నూకలు కూడా బియ్యమే గదా! అందరి తర్వాతా కుర్చీ తుడిచినాం, ఈమె తర్వాత ఒక్కడన్నా తుడిచినాడా? ఊరంతటికీ ఈమె పిడికెడు పోసి కూచున్నాం. మీరేమో దాన్ని కొలబద్ద దోషమని కొట్టేస్తుండారు. నిన్న ఈమె కాగితంలోంచి ఈమెనే కొట్టేసినారు!"

హైమవతి గారు వెంటనే ఒప్పుకునే మనిషి కాదు. "ఆమెకి అంటుకున్నవి పదిహేను రోజుల్లో దిగిపోయాయి. జనానికి ఏడాది పొడుగునా ఎలా నిలుస్తుంది?"

"ఈమెకి మర సున్నా మీద తిప్పతాం, పైపైన అంటుకుంటది. వాళ్ళకి పాతవి తీసేసి కొత్త పాళ్ళు పోసి తిప్పతాం. పాకంలో పడింది పాకంతోనే గడ్డకడద్ది."

"ఊహ బాగుంది. రుజువు కాదు. ఈ మరలో ఎన్నడూ కూర్చోని మనిషి ఒకరు కావాలి. ఆమె తర్వాత కూర్చోబెట్టి, ముందూ వెనకా కొలవాలి."

ఊళ్ళో అలాంటివాడు ఒక్కడే. గోడ చూసేవాళ్ళ భయం తగ్గకూడదని వాళ్ళని మర ఎక్కనివ్వరు. అందరం చెంచురామయ్య వైపు తిరిగాం. అనుమతి ఇస్తానని హైమవతి గారే అన్నారు. అతను మూట కింద పెట్టాడు.

"నేను కూచోను" అన్నాడు.

"రెండేళ్ళు చెంచురామయ్యా!" అన్నాను.

"తెలుసు. ఇరవై ఏళ్ళు పట్టినా ఉంటా. ఈ ఊళ్ళో వాళ్ళందరి లోపలా నువ్వు కొంచెం ఉండావు. అందుకే ఎవురికీ నువ్వు కనపళ్ళా. తన ఉప్పు తన నోటికి తెలవదు గదా! నాలో నువ్వు లేవు. అందుకే ఆరోజు గోడ చూడ్డానికొచ్చి నిన్ను చూసినా. ఇప్పుడు ఆ కుర్చీలో కూచుంటే నేనూ వాళ్ళలాగే అయిపోతా. నిన్ను చూసేవోడు ఒక్కడన్నా ఉండొద్దా?"

ఇన్ని మాటలు అతను జీవితంలో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. మాట్లాడేసి, చెమట తుడుచుకుని, మూట మళ్ళీ చేతికి తీసుకున్నాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు హైమవతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనూ ఈ మరలో ఎన్నడూ కూర్చోలేదు" అన్నారు.

ముందు ఆవిడని కొలిచాం. హుషారు ఇరవై ఆరు. నేను కూర్చుని లేచాను. మరలో ఇనుము పనికిరాదని మస్తానయ్య ఆవిడ చెప్పులు విప్పించాడు. ఆవిడ కొంగుతో కుర్చీ తుడవబోయి, తుడవకుండానే కూర్చున్నారు. సున్నా మీద మర తిరిగింది. మళ్ళీ కొలిచాం. ముప్పై ఎనిమిది.

"పన్నెండు" అన్నారు ఆవిడ. మొహంలో ఏ మార్పూ లేదు. "సరిగ్గా పన్నెండు. రాసుకోవాలి" అని, అలవాటు ప్రకారం బలంగా అడుగు వేశారు. కాళ్ళకి ఇనుము లేదు. ఆ వేసిన అడుగుకి నిలువునా పైకి లేచి, కాగితాలతో సహా వెళ్ళి పైకప్పుకి మెత్తగా తగిలారు. అక్కడే ఒక్క క్షణం ఆగారు. జుట్టు విడిపోయింది. పై నుంచి మమ్మల్ని చూశారు, చుట్టూ తేలుతున్న కాగితాల్ని చూశారు. చూసి, "అయ్యో!" అంటూ మొదలుపెట్టి, నవ్వారు చూడండీ! కిందికి దిగే లోపల నవ్వారు, దిగాక నేల మీద కూర్చుని నవ్వారు, ఆపుకోబోయి వెక్కిళ్ళొచ్చి మళ్ళీ నవ్వారు. మస్తానయ్య పందెం ఓడిపోయి ఆవిడ కంటే ఎక్కువ నవ్వాడు.

"మేడం, పాళ్ళు పొయ్యకుండా తిప్పినాం, పదిహేను రోజుల్లో దిగిపోద్ది, భయపడబాకండి" అన్నాడు.

"దిగనీ" అన్నారు ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "తొందరేం లేదు."

చిట్టా 30

ఈ పుస్తకం ఆఫీసుకి ఇచ్చేశాను, చదివి నిన్న తిరిగి పంపారు. చివర్లో హైమవతి గారి చేతి రాత: "ఇందులో కోపం తాయారమ్మది. భయాలు చాలామందివి. నవ్విన ప్రతిచోటా మాత్రం పెంచలమ్మే ఉన్నారు. చిట్టా ఒకే మనిషి వ్రాసినట్లు ఉన్నది." కింద ముద్ర. ముద్ర కింద ఐదో మెట్టు పత్రం. హుషారు దగ్గర అరవై రెండు అని నల్ల పెన్నుతో ఉంది. ఊరి కొలతల్లో ఇకమీదట పన్నెండు తీసెయ్యొద్దని కూడా ఆర్డరు వేశారట.

మరలో మళ్ళీ చేరాను. ఆ నలభై మందినీ పిలిపించి మళ్ళీ కూర్చోబెట్టాం. రాఘవులు పంతులు లేస్తూనే, "ఏడెనిమిదులు యాభై ఆరు, పైసా తగ్గేది లేదు" అని తన మీద తనే విరగబడి నవ్వాడు. ఇప్పుడు జనం నాతో, "ఇంకో నిమిషం కూచో పెంచలమ్మా, ఏం తొందర?" అంటున్నారు. తాయారమ్మ అయితే రెండు నిమిషాలు అడిగింది.

ఈరోజే పెళ్ళి జరిగింది. సరిగ్గా తాళి కట్టే సమయానికి గాలి గంట మోగింది. ఊరు ఊరంతా ఘొల్లుమంది. ముసుగులు తిరగేసి పెట్టుకునేవాళ్ళు, అక్షింతలు ముసుగులో పడి తుమ్మేవాళ్ళు. పెళ్ళికొడుకు తాళి మూడు ముళ్ళూ గబగబా వేసేసి, పట్టుపంచె ఎగగట్టి బ్రష్షు అందుకున్నాడు. నేను చెంబు పట్టుకుని వెనకే నడిచాను. పందిరి వెనక గోడకి నురుగు పూశాడు. నాకు నవ్వు ఆగడం లేదు, బుడగలన్నీ ఊగుతున్నాయి.

"నవ్వబాక. కంత తెలవటం లేదు" అన్నాడు.

ఆపుకోవాలని చెంగు నోట్లో కుక్కుకున్నాను. అతను కంత కోసం చూస్తూ చూస్తూ నావైపు చూశాడు. అప్పుడు అతని గొంతులోంచి ఏదో వచ్చింది. పాత చేతిపంపు కొట్టినప్పుడు వచ్చే కిచకిచలాంటి చప్పుడు, ఒకటి, ఆగి ఇంకొకటి. నవ్వు! ఊళ్ళో ఎవరి నవ్వూ అలా ఉండదు. అందరివీ కాస్తో కూస్తో నా నవ్వులాగే ఉంటాయని ఇప్పుడు నాకు తెలుసు. ఇది మాత్రం నాది కాదు. ఇందులో నా పిడికెడు లేదు. పూర్తిగా అతని సొంతం.

ఇంకోసారి వినాలని ఆగాను. ముందు కంత మూశాడు, తర్వాత నవ్వాడు.